తప్పు వేళ్లది కాదు

సూరత్‌లో తెలుగు వినాలంటే లింబాయత్ వెళ్లాలి. వరంగల్, కరీంనగర్, నల్గొండ పల్లెల్లో చేతిమగ్గం కూడు పెట్టలేని రోజుల్లో మరమగ్గాలను వెతుక్కుంటూ బయల్దేరిన పద్మశాలి కుటుంబాల్లో కొన్ని షోలాపూర్‌లో ఆగాయి, కొన్ని భివండీలో. మిగిలినవి తాపీ ఒడ్డుకు చేరాయి. మూడో తరం వచ్చేసరికి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో గుజరాతీ మాట్లాడుతూ ఫోన్‌లో ఇంగ్లిష్ పాటలు వింటున్నారు. మా పెదనాన్న కొడుకు అక్కడే మగ్గాల మేస్త్రీ. నడవనంటూ మొరాయించిన మగ్గాన్ని చేత్తో తడిమి ఎక్కడ పట్టేసిందో చెప్పగలిగిన మనిషి.

ఆ మధ్య ఒక జూలైలో వాళ్లింటికి వెళ్లాను. వాన ఆగకుండా పడుతోంది. గోడకు మేకు కొట్టి తగిలించిన గిటార్ మీద దుమ్ము పేరుకుని ఉంది. కొని ఏడాది కాలేదట. అన్నయ్య కొడుకుని అడిగాను.

''ఏంరా, వదిలేసినవా?''

''నాతోని కాదు చిన్నాయినా. వేళ్లు వస్తలేవు.''

ఆరు నెలలు క్లాసుకు వెళ్లాడు. వేళ్ల కొసలు కాయలు కాచాయి. అది మామూలే, గిటార్ నేర్చుకునే ప్రతివాడికీ కాస్తాయి. కానీ వాడి చూపుడువేలి మీద కాయ చీలి నల్లటి గీత పడింది. చూపుడువేలిని అడ్డంగా పరిచి ఆరు తీగలనూ ఒకేసారి నొక్కాల్సిన ఎఫ్ కార్డ్ దగ్గర వాడి సంగీతం ఆగిపోయింది. నేర్పే మాస్టారు సాధన చాలదన్నారట. అమ్మ నీకు శ్రద్ధ లేదంది. ఏ కార్డ్ పట్టుకున్నా అపశ్రుతిగా వినిపిస్తుంటే తన చెవి కూడా మంచిది కాదని వాడే తేల్చేసుకున్నాడు. పదహారేళ్లకే తనకు వేళ్లు లేవు, చెవి లేదు అని నిర్ధారించుకున్న కుర్రాడు నా ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

గిటార్ దించి ఒక కార్డ్ పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్లుగా అప్పుడప్పుడూ వాయిస్తున్న నా వేళ్లకే చురుక్కుమంది. స్కూలు స్కేలు తెమ్మని పన్నెండో ఫ్రెట్ మీద నిలబెట్టి చూస్తే లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్లు. ఉక్కు తీగల గిటార్‌కు అక్కడ ఉండాల్సింది రెండు, రెండున్నర. సన్న తీగ దగ్గర ఇంకాస్త తక్కువ. ఆ ఒకటిన్నర మిల్లీమీటరే ఆరు నెలలుగా కుర్రాడి వేళ్లను కోస్తోంది.

ఎత్తు ఎక్కువైతే నొప్పి ఒక్కటే కాదు, శ్రుతి కూడా చెడుతుంది. దీన్ని చాలామంది మాస్టార్లే పట్టించుకోరు. ఫ్రెట్‌లను మెడ మీద ఎక్కడ పొదగాలన్నది లెక్క ప్రకారం తేలుతుంది. ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ వీణలాంటి ల్యూట్ వాయించేవాడు. ప్రతి మెట్టుకూ మిగిలిన తీగ పొడవులో పద్దెనిమిదో వంతు వదలాలన్న కొలతను ఆయన 1581లో అచ్చయిన పుస్తకంలో సమర్థించాడు. ఇవాళ్టి గిటార్ కర్మాగారాలు ఆ పద్దెనిమిదిని 17.817గా సవరించుకున్నాయి, అంతే. 650 మిల్లీమీటర్ల తీగ మీద మొదటి మెట్టు సుమారు 36 మిల్లీమీటర్ల దూరంలో వస్తుంది. అయితే ఈ లెక్కలన్నీ తీగ కొలిచిన చోటే, సాగకుండా ఉంటుందన్న నమ్మకం మీద నడుస్తాయి. ఎత్తులో ఉన్న తీగను కిందికి నొక్కితే అది సాగుతుంది. సాగితే బిగువు పెరిగి స్వరం పైకి పోతుంది. విడి తీగలన్నీ శుద్ధంగా పలుకుతాయి, కార్డ్ పట్టుకోగానే ఒక్కో తీగా ఒక్కో మోతాదులో తప్పుతుంది. అంటే కుర్రాడి చెవి తప్పును సరిగ్గానే పట్టుకుంది. ఆ తప్పు తనదనుకోవడమే వాడు చేసిన పొరపాటు.

ఈ మాట చెప్పగానే అన్నయ్య లేచి వెళ్లి ఆకురాయి తెచ్చాడు. ఆయన తర్కం సూటిగా ఉంది. ''లేచిందాన్ని రాకితే అయిపాయె.''

ఆ చేతిని ఆపడానికి కొంత కష్టపడాల్సి వచ్చింది. కాలేజీ రోజుల్లో హన్మకొండ హాస్టల్ గదిలో నేనూ సరిగ్గా అదే పని చేశాను. తీగ ఎత్తుగా ఉందని దాన్ని మోసే ఎముక ముక్కను అరగదీశాను. అరగంట పని, ఆ తర్వాత ఏడాదంతా జుయ్‌మనే గిటార్. గిటార్ ఫ్రెట్ నికెల్ సిల్వర్ అనే లోహం. పేరులో వెండి ఉంది గానీ లోహంలో లేదు, రాగి, జింకు, నికెల్‌ల మిశ్రమం. దాన్ని చెక్కలో కోసిన గాడిలోకి సుత్తితో దిగ్గొడతారు. ఒకసారి రాకేసిన లోహం మళ్లీ రాదు.

మన వీణకు ఈ బెంగ లేదు. విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్లు పనస కర్రతో తరతరాలుగా వీణలు చేస్తున్నారు. వీణకు ఇరవై నాలుగు మెట్లు. అవి చెక్కలో దిగవు. తేనెమైనంలో మసి కలిపిన నల్లటి ముద్దలో కూర్చుంటాయి. మేళం కట్టేవాడు తీగ మీటుతూ, వింటూ, ఒక్కో మెట్టునూ ముందుకో వెనక్కో జరుపుతూ, పైకో కిందికో నొక్కుతూ నిలబెడతాడు. గిటార్ వాళ్లు ఆకురాయితో చేసే పనిని ఇతడు వెచ్చటి మైనంతో చేస్తాడు. తప్పితే కరిగించి మళ్లీ పెట్టొచ్చు. వీణకు ఇరవై నాలుగు స్థిరమైన మెట్లు పెట్టించింది తంజావూరును ఏలిన తెలుగు నాయకరాజు రఘునాథుడని సంప్రదాయం చెబుతుంది. పదిహేడో శతాబ్దం మొదట్లో అన్నమాట. సితార్ వాళ్లది ఇంకో దారి. మెట్లను దారంతో మెడకు కట్టేస్తారు, రాగాన్ని బట్టి జరుపుకుంటారు.

మైనానికి దాని కష్టాలు దానికున్నాయి. ఎండకు మెత్తబడుతుంది, మెట్టు ఒరుగుతుంది, కొన్నేళ్లకోసారి మేళం విప్పి కట్టాల్సిందే. అయితే ఈ బలహీనతే వీణ చుట్టూ ఒక వృత్తిని బతికించింది. మేళం కట్టించాలన్న సంగతి వీణ నేర్చుకునే ఇంట్లో అందరికీ తెలుసు. వీణ పలక్కపోతే పిల్లను తిట్టేముందు మేళం చూపించేవాళ్లు. గిటార్ మన ఊళ్లకు వచ్చింది గానీ దాని మేళగాడు వెంట రాలేదు. కోల్‌కతాలో తయారైనదో, చైనా నుంచి దిగినదో అట్టపెట్టెలో వస్తుంది, ఫ్రిజ్ కొన్నట్టు కొంటాం. కర్మాగారాలు తీగను కావాలనే కాస్త ఎత్తుగా వదులుతాయి. దుకాణంలో మీటి చూసినప్పుడు జుయ్‌మంటే ఎవరూ కొనరు. ఎత్తుగా ఉంటే నొప్పి పుడుతుందని తెలియడానికి మాత్రం వారాలు పడుతుంది. అప్పటికి బిల్లు పోతుంది, నమ్మకమూ పోతుంది. తీగను దించే పని దుకాణానిదే అని నా అభిప్రాయం. మూడు నాలుగు వేల గిటార్‌కు అంత ఓపిక ఎక్కడిదంటారు. సైకిలు కొంటే సీటు ఎత్తు సరిచేసి, బ్రేకు బిగించి ఇవ్వడం లేదా?

ఎత్తు అన్నివేళలా దోషం కాదు, అది వేరే సంగతి. అహ్మదాబాద్‌లో స్థిరపడిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద లోహపు కడ్డీ జార్చి హిందుస్థానీ రాగాలు పలికించారు. అలాంటి వాద్యంలో తీగ ఎత్తుగానే ఉండాలి, అసలు ఫ్రెట్‌కు తగలకూడదు. తంబురాలో అయితే ఆ జుయ్ శబ్దం కోసమే తీగ కింద దారం పెట్టి జీవం తెప్పిస్తారు. ఒక వాద్యానికి జబ్బు అయినది ఇంకోదానికి అందం. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎనిమిది తీగల విదేశీ వాద్యాన్ని అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని కర్ణాటక సంగీతానికి లొంగదీశారు. 2014లో 45 ఏళ్లకే పోయిన ఆ విద్వాంసుడు సంగీతానికి వాద్యం సరిపోకపోతే వాద్యాన్నే మార్చారు. మన పిల్లలకు మాత్రం వాద్యానికి సరిపోని వేళ్లను మార్చుకొమ్మని చెబుతున్నాం.

సరే, ఆకురాయి పక్కన పెట్టించాను. పని మొదలుపెట్టాల్సింది మెడ నుంచి. ఆరు ఉక్కు తీగలు కలిసి మెడను దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. చెక్క వంగకుండా ఉంటుందా? అందుకే మెడ లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూకు దానిమీద 1923లో పేటెంట్ దక్కింది. కడ్డీ చివరి నట్టు బిగిస్తే మెడ వెనక్కి వస్తుంది, వదిలితే తీగలు ముందుకు లాక్కుంటాయి. మెడ పూర్తిగా నిటారుగా ఉండకూడదు. మీటిన తీగ మధ్యలో వెడల్పుగా ఊగుతుంది కాబట్టి దానికి చోటివ్వడానికి మెడ నడుమ కాస్త పల్లం కావాలి. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలు, మెడ ఒంటిని కలిసే చోట ఒక వేలు పెట్టి తీగను నొక్కితే ఆ తీగే గీటుబద్ద అవుతుంది. ఏడో ఫ్రెట్ మీద మిగిలిన సందే ఆ పల్లం. పావు మిల్లీమీటరు ఉంటే చాలు. కొలవడానికి ఏం కావాలని అన్నయ్య అడిగాడు. సందు చివర బైకు మెకానిక్ దగ్గర వాల్వు సందు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటుందన్నాను. పది నిమిషాల్లో తెచ్చాడు. సందు అరమిల్లీమీటరు దాటింది.

నట్టును పావు చుట్టు తిప్పాలి, ఆగాలి, మళ్లీ శ్రుతి చేసి కొలవాలి. ఒకేసారి పూర్తిగా తిప్పినవాళ్లు కడ్డీ విరగ్గొట్టుకుంటారు. రెండు పావులు తిప్పేసరికి పల్లం సరిపోయింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు కూడా మూడున్నరకు దిగింది. ఇంకో మిల్లీమీటరు మిగిలింది. అది శాడిల్ పని, అంటే బ్రిడ్జి మీద తీగలను మోసే తెల్లటి పట్టీ. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా నడుమ ఉంటుంది కనుక అక్కడ ఒక మిల్లీమీటరు దించాలంటే కొసన ఉన్న శాడిల్‌ను రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. పెన్సిల్‌తో గీత గీసి, అద్దం మీద గరుకు కాగితం పరిచి, కింది అంచునే రుద్దాలి. పైన రుద్దితే తీగల గాడులు పోతాయి. ఈ పని కుర్రాడి చేత చేయించాను. గీత దాకా రుద్దడానికి ముప్పావు గంట పట్టింది. వాళ్ల నాన్న మధ్యమధ్య అంచు వంకర పోతోందని సైగ చేస్తూనే ఉన్నాడు.

తీగలెక్కించి వాయిస్తే ఎఫ్ కార్డ్ పలికింది. పూర్తిగా కాదు, ఆరు తీగల్లో అయిదు. వాడు నా ముఖం చూశాడు, నేను కిటికీ వైపు చూశాను.

కానీ తొమ్మిదో ఫ్రెట్ దగ్గర జుయ్. తీగ దిగిందంటే ఇన్నాళ్లూ దాక్కున్న ఎగుడుదిగుళ్లు బయటపడతాయి. తొమ్మిదిని నొక్కితే జుయ్‌మంటోందంటే దాని ముందున్న పదో ఫ్రెట్ తల ఎత్తిందని అర్థం. మూడు ఫ్రెట్‌ల మీద ఒకేసారి ఆనే చిన్న ఉక్కు పట్టీ పెట్టి చూడాలి. నడిమిది లేచి ఉంటే పట్టీ తూగుతుంది. తూగింది. ఇక్కడ కూడా మొదట ఆకురాయి కాదు. సూరత్ వానల్లో చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, చలికాలంలో ఆరి కుంచించుకుంటుంది, ఈ రాకపోకల్లో గాడి పట్టు సడలి ఫ్రెట్ అంచు పైకి లేస్తుంది. చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు వేస్తే సగం దిగింది. మిగిలిన సగానికి మాత్రం రాకక తప్పలేదు.

ఇక అన్నయ్య చేతికి ఇచ్చేశాను. ఫ్రెట్‌కు రెండు వైపులా చెక్క గీసుకోకుండా టేపు అంటించి, ఫ్రెట్ తల మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూయమన్నాను. ఆకురాయి తగిలిన చోట సిరా పోతుంది, తగలని చోట ఉంటుంది. చేయి ఎక్కడ పని చేసిందో సిరాయే చెబుతుంది. అన్ని ఫ్రెట్‌లూ అరిగి గాడులు పడిన పాత గిటార్‌కైతే మెడ పొడవునా ఇదే చేస్తారు. అన్నిటి తలలూ నల్లగా పూసి, వంకర లేని పొడవాటి పట్టీకి గరుకు కాగితం అంటించి, అన్ని తలల మీదా సిరా పోయేదాకా సమంగా లాగుతారు. అప్పటికి తలలన్నీ ఒకే మట్టంలో ఉంటాయి కానీ బల్లపరుపుగా మారిపోతాయి. బల్లపరుపు ఫ్రెట్ మీద తీగ నడినెత్తిన కాకుండా ముందు అంచున ఆనుతుంది, గెలీలీ లెక్క మళ్లీ తప్పుతుంది. అందుకే పుటాకారపు ఆకురాయితో ఒక్కో తలనూ గుండ్రం చేసి, సన్న కాగితంతో మెరుగు పెడతారు. ఓపిక అంతా ఈ చివరి పనిలోనే కావాలి. బెర్లిన్‌లో పుట్టిన ప్లెక్ అనే కంప్యూటర్ యంత్రం ఇప్పుడు ఈ పని మొత్తం చేస్తుంది. తీగలు బిగించి ఉండగానే ప్రతి ఫ్రెట్ ఎత్తూ కొలిచి, ఎంత రాకాలో లెక్క కట్టి, రాకేస్తుంది. లింబాయత్‌లో ఆ యంత్రం లేదు, అన్నయ్య ఉన్నాడు.

ఆయన పద్ధతి నేను చెప్పినట్టు లేదు. మూడుసార్లు రాకడం, ఆగడం, కళ్లు మూసుకుని బొటనవేలు ఆ ఫ్రెట్ మీదుగా పోనివ్వడం. పడుగులో వేల పోగులు ఒకే బిగువున ఉన్నాయో లేదో అరచేత్తో తడిమి చూసే అలవాటు అది. ఒక్క పోగు వదులైతే గుడ్డ మీద గీత పడుతుంది, బిగువైతే తెగుతుంది. తీగ, మెట్టు అని నేను వివరిస్తున్నదంతా ఆయనకు పాత సంగతే. ఉక్కు పట్టీ పెట్టి చూద్దామన్నాను. ''అక్కెర లేదు'' అన్నాడు. అయినా పెట్టాను. తూగలేదు.

పద్నాలుగో ఫ్రెట్ మీద సన్న తీగ ఇంకా కొంచెం గీరుతోంది. దాన్నీ రాకుతానన్నాడు. ''పిల్లడు అందాక వచ్చినంక చూద్దాం'' అని వారించాను. రాకడం ఎప్పుడైనా చేయొచ్చు.

ఇంతకీ నా తప్పు ఒకటి చెప్పాలి. డిసెంబర్‌లో కుర్రాడు ఫోన్ చేశాడు. గిటార్ మళ్లీ జుయ్‌మంటోంది, ఈసారి అన్ని చోట్లా. నేను కొలిచింది జోరువానలో. తేమకు గిటార్ పొట్ట చెక్క ఉబ్బి బ్రిడ్జిని పైకి ఎత్తి ఉంది. చలికాలం పొడిగాలికి అది దిగిపోయింది, దాంతోపాటు తీగలూ దిగాయి. వానాకాలపు ఎత్తుకు శాడిల్‌ను అరగదీసేటప్పుడు అరమిల్లీమీటరు ఎక్కువ ఉంచాల్సింది. మేళగాడికైతే ఇది చెప్పక్కర్లేదు, నాకు హన్మకొండ గదిలో నేర్చుకున్నది చాలలేదు. కొత్త శాడిల్ కొనుక్కోమని, అప్పటిదాకా పాతదాని కింద ఏదైనా పలుచటి అట్ట పెట్టుకోమని చెప్పాను.

''బాపు నిన్ననే పెట్టిండు చిన్నాయినా. గిటార్ ఆగినాదని నాకంటే ఆయనకే తోస్తలేదు.''

''ఏం పెట్టిండు?''

''పెళ్లి పత్రిక ముక్క. రెండు మడతలు.''